గ్రిల్లు తాళంచెవి

(రేడియో ప్రసంగ పాఠం)



క్లాంగ్ నుంచి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, కంప్యూటర్ల గురించే కాబోలు అనుకున్నాను. పగటిపూట నా పని అదే. పోర్ట్ క్లాంగ్‌లో దిగిన సరుకు ఏ గిడ్డంగిలో ఏ అరలో ఉందో లెక్క చూసే సాఫ్ట్‌వేర్ మీద కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. "అది కాదండీ, రాత్రిపూట మీరు చేసే పని గురించి చెప్పండి" అన్నారు. ఆ పనికి జీతం లేదు, సరైన పేరు కూడా లేదు. కొందరు వార్డెన్ అంటారు. పిల్లలు తమిళంలో 'అణ్ణే' అంటారు. నేను చేసేదల్లా ఇక్కడ ఒక పిల్లల వసతి గృహంలో రాత్రిళ్ళు పడుకోవడం. 2018లో మొదలుపెట్టినప్పుడు వారానికి నాలుగు రాత్రులు. 2022లో పెళ్ళయ్యాక రెండు రాత్రులు.

పడుకోవడం కూడా ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. మా నాన్నగారికీ అలాగే అనిపించింది. "అమెరికాలో ఎమ్మెస్ చేసొచ్చి ఈ నైట్ వాచ్‌మన్ పనేమిట్రా?" అన్నారు ఫోనులో. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది.

నాకు హాస్టళ్ళు కొత్త కాదు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా శ్రీకాకుళం జిల్లాలో ఒక సంక్షేమ హాస్టల్లో ఉన్నాను. అన్నం పెట్టారు, పుస్తకాలిచ్చారు. అది లేకపోతే నేను ఈ రోజు మీతో ఇలా మాట్లాడేవాణ్ణి కాదు, ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. కానీ మా వార్డెన్‌గారు రెండు హాస్టళ్ళకి ఇన్‌ఛార్జి. సాయంత్రం హాజరు వేసుకుని, మోటారు సైకిలెక్కి టౌనుకి వెళ్ళిపోయేవారు. ఇక తెల్లారేదాకా రాజ్యం పదో తరగతి వాళ్ళది. చిన్నవాళ్ళ ట్రంకు పెట్టెల్లో ఇంటినుంచి తెచ్చుకున్న జంతికలు తెల్లారేసరికి ఉండేవి కావు. అది చిన్న విషయం. పెద్ద విషయాలూ ఉండేవి, వాటిని రేడియోలో చెప్పను. ఎవరితో చెప్పుకోవాలో తెలియక మేం ఎవరితోనూ చెప్పుకోలేదు.

మన తెలుగువాళ్ళ చదువుల్లో హాస్టళ్ళ పాత్ర తక్కువేమీ కాదు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చూసిన మనిషి. పి.వి. నరసింహారావుగారి చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వచ్చింది. పిల్లలతోపాటు పంతుళ్ళు కూడా ఆ ఆవరణలోనే కాపురం ఉండాలన్నది గురుకులం పద్ధతికి ప్రాణం లాంటిది. తరవాత మనం వేలకొద్దీ హాస్టళ్ళు కట్టుకున్నాం, కాలేజీల పేరుతోనూ కట్టుకున్నాం. భోజనం ఎలా ఉంటుంది, ర్యాంకులెన్ని వచ్చాయి అని అడుగుతాం. రాత్రి పదింటి తరవాత పిల్లల దగ్గర ఎవరుంటారని అడిగిన తల్లిదండ్రుల్ని నేనైతే ఎక్కువమందిని చూడలేదు. మా అమ్మా అడగలేదు.

ఎమ్మెస్‌కి వెళ్ళాక, ఫీజులు కట్టలేక రెసిడెంట్ అసిస్టెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అక్కడ చదువుకున్న శ్రోతలకి ఆర్.ఏ. అంటే తెలుస్తుంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. ఆ గంటల్లో ఏం సంపాదించినా గది అద్దెకే సరిపోతుంది. ఆర్.ఏ.కి గదీ తిండీ యూనివర్సిటీయే ఇచ్చింది, నాకు అంతకన్నా ఏం కావాలి. ఆగస్టులో క్లాసులకి ముందే శిక్షణ ఇచ్చారు. డ్యూటీ ఉన్న రాత్రి అంతస్తులన్నీ తిరగాలి. ఒకే గదిలో ఒకడు కిటికీ తెరవాలంటాడు, ఇంకొకడు మూసెయ్యాలంటాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి కాగితం మీద ఒప్పందం రాయించాలి. అర్ధరాత్రి దాటాక ఎవడో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడుస్తాడు, అలారం మోగుతుంది, బిల్డింగు మొత్తం మంచులోకి పరిగెత్తాలి. ఒకసారి ఆ అలారానికి మన ఇంగువ పోపే కారణం. ఎవరు వేశారో నాకు తెలుసు, చెప్పలేదు లెండి.

అక్కడ నేర్పినవాటిలో రెండు మాటలు నాకు బాగా గుర్తు. ఎవరైనా వచ్చి "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి, నీకో సంగతి చెబుతాను" అంటే ఒట్టు వెయ్యకూడదు. చెప్పవలసిన చోట చెప్పక తప్పదని ముందే అనాలి. రెండోది, బయటికి పోయే దారి లోపలున్నవాడికి ఎప్పుడూ తెరుచుకోవాలి. వినడానికి రెండూ మామూలు మాటలే. క్లాంగ్ వచ్చాక మొదటిదాన్ని పాటించాను. రెండోది మరిచిపోయాను. ఈ రోజు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది దాని గురించే.

క్లాంగ్ కౌలాలంపూర్‌కి పడమర, సముద్రం వైపు ఉంటుంది. సెలంగూర్ సుల్తానుల ఊరు. మధ్యలో క్లాంగ్ నది. జలాన్ టెంకు కెలానా అనే వీధిలోకి వెళితే పూలదండలు, చీరలు, మిఠాయిల కొట్లు, దీపావళి ముందు అడుగు పెట్టడానికి చోటుండదు. సుందరరాజ పెరుమాళ్ కోవెల ఈ ఊళ్ళోనే ఉంది. తమిళుల పెరటాసి నెలలో శనివారాలు వచ్చాయంటే మన తెలుగువాళ్ళూ అక్కడే కనిపిస్తారు.

మలేసియా తెలుగువాళ్ళంటే నాలాగా నిన్నమొన్న విమానం దిగినవాళ్ళు కాదు. బ్రిటిషు వాళ్ళ రోజుల్లో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ కూలికి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ. వాళ్ళ సంఘం 1955 నాటిది. మా వసతి గృహంలో వంట చేసే పెద్దమ్మ పేరా రాష్ట్రంలో బాగన్ డాటో అనే కొబ్బరి తోటల ప్రాంతంలో పుట్టింది. మొదటిరోజు నేను బ్యాగు పట్టుకుని లోపలికి వెళ్ళగానే "ఏటి బాబూ, తిన్నావేటి?" అంది. నేను నిలబడిపోయాను. అచ్చం మా నాయనమ్మ గొంతు, మా నాయనమ్మ యాస. ఆవిడ శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు.

ఈ పిల్లలు ఇక్కడికి ఎందుకు వచ్చారంటే ఆవిడ ఒక మాట చెప్పింది. తోటల్లో లైను ఇళ్ళు ఉన్నప్పుడు ఆయా కొట్టం అని ఒకటి ఉండేదట. తల్లులు తెల్లారకముందే రబ్బరు పాలు తియ్యడానికి పోతే, పిల్లల్ని అక్కడ ఒక ముసలమ్మ చూసేది. తరవాత క్లాంగ్ చుట్టుపక్కల తోటలు అమ్ముడుపోయాయి, కాలనీలూ ఫ్యాక్టరీలూ లేచాయి. జనం చవక ఫ్లాట్లలోకి మారారు. అమ్మకి ఒక షిఫ్టు, నాన్నకి ఇంకో షిఫ్టు, లేదా నాన్నే లేడు. ఆయా కొట్టం మాత్రం వాళ్ళ వెంట రాలేదు. ఇదొక్కటే కారణం అనను. తాగుడు ఉంది, జబ్బులున్నాయి, జైళ్ళున్నాయి. మా ఇంట్లో ఏడేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా 22 మంది మగపిల్లలు. కొందరిని 2001 నాటి బాలల చట్టం కింద కోర్టు ఉత్తర్వుతో సంక్షేమ శాఖవాళ్ళు తెచ్చి దింపారు. కొందరిని మేనమామలో అమ్మమ్మలో తెచ్చి, నెల తిరక్కుండా వస్తామని చెప్పి వెళ్ళారు.

ఆదివారాలు మా ఇల్లు పెళ్ళిల్లులా ఉంటుంది. పుట్టినరోజులు చేసుకునే కుటుంబాలు కేకులు, బిరియానీ పట్టుకుని వస్తాయి. మన తెలుగువాళ్ళూ వస్తారు, మంచి మనసుతోనే వస్తారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదింటి లోపు మా పిల్లలు నాలుగు సార్లు హ్యాపీ బర్త్‌డే పాడారు. నాలుగోసారి పాడేటప్పుడు వాళ్ళ మొహాలు చూశాను. వచ్చినవాళ్ళ పాప కూడా చూసింది. ఆ పాప కేకు తినలేదు.

ఆ సాయంత్రమే నిర్వాహకుల్ని అడిగాను, మీకు నిజంగా ఏం కావాలని. "రాత్రి ఉండే మనిషి కావాలి. వచ్చినవాళ్ళు నెలా రెండు నెలలకే మానేస్తున్నారు" అన్నారు. అలా మొదలైంది.

ఇప్పుడు ఒక పిల్లాడి గురించి చెబుతాను, పేరు చెప్పను. 2019లో వాడికి పన్నెండేళ్ళు. మలేసియాలో పన్నెండేళ్ళు నిండగానే మైకాడ్ అనే గుర్తింపు కార్డు తీసుకోవాలి. క్లాసులో ఒక్కొక్కరే తమ కార్డు తెచ్చి ఫొటో బాగోలేదని నవ్వుకుంటున్నారు. వీడికి జనన ధ్రువపత్రమే లేదు. ఇక్కడ బిడ్డ పుట్టిన 60 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఆ తరవాతైతే సాక్షులు, ప్రమాణపత్రాలు, విచారణ. వీడి అమ్మకే కాగితాలు సరిగ్గా లేవు. తోటల్లో పుట్టి కాగితాలు లేకుండానే పెద్దవాళ్ళయిన మన భారతీయులు ఈ దేశంలో ఇంకా ఉన్నారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి వాడు గోడ దూకి వెళ్ళిపోయాడు. తెల్లవారాక క్లాంగ్ రైల్వే స్టేషన్లో దొరికాడు, మొదటి బండి కోసం కూర్చుని ఉన్నాడు. ఎక్కడికిరా అంటే చెప్పడు. ఆ రాత్రి నేను ఆ ఊరంతా, నది ఒడ్డంతా తిరిగాను. నది వైపు టార్చి వేసి చూడటం అంటే ఏమిటో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మర్నాటి నుంచి ముందు తలుపు గ్రిల్లుకి లోపలివైపు నేను తాళం వెయ్యడం మొదలుపెట్టాను. మలేసియాలో ఏ ఇల్లు చూసినా కిటికీలకీ తలుపులకీ ఇనుప గ్రిల్లే, అందులో వింత లేదు. అంతకుముందు గొళ్ళెం పెట్టేవాళ్ళం. ఇప్పుడు తాళం, తాళంచెవి నా ప్యాంటు జేబులో. ఎవరూ నన్ను అడగలేదు, నాకై నేనే చేశాను. హాయిగా నిద్రపట్టింది కూడా.

ఇందులో నాకు క్షమాపణ లేని సంగతి ఒకటుంది. 2017 సెప్టెంబరు 14న కౌలాలంపూర్‌లో ఒక మతపాఠశాల హాస్టలుకి తెల్లవారుజామున నిప్పంటుకుంది. 21 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. కిటికీలకి గ్రిల్లులు, బయటపడే దారి లేదు. ఆ వార్త మా ఆఫీసులో అందరం చదివాం, రోజుల తరబడి మాట్లాడుకున్నాం. తెలియదనడానికి నాకు వీల్లేదు. తెలిసి కూడా రెండేళ్ళు తిరక్కుండా నా చేత్తో నేనే తాళం వేశాను.

ఏప్రిల్లో ఒక రాత్రి, మేడమీద గదిలో మంచం కింద పెట్టిన దోమల చుట్ట దుప్పటికి అంటుకుంది. మొదట ఎవరో దగ్గారు, తరవాత అందరూ దగ్గారు. నేను లేచి "బయటికి, బయటికి" అని అరిచాను. పిల్లలందరూ మెట్లు దిగి చీకట్లో గ్రిల్లు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను లుంగీతో ఉన్నాను. ప్యాంటు మేకుకి లేదు. మంచం మీద లేదు. పెద్దమ్మ రాత్రే బట్టలన్నీ పోగుచేసి సబ్బునీళ్ళ బకెట్లో నానబెట్టిందని నాకు తట్టడానికి చాలాసేపు పట్టింది. నాలుగు నిమిషాలని తరవాత పిల్లలు లెక్కగట్టారు. ఆ నాలుగు నిమిషాలూ ఆ పన్నెండేళ్ళవాడు గ్రిల్లు ఊచలు పట్టుకుని "సావి ఎంగే, అణ్ణే?" అంటున్నాడు. తాళంచెవి ఎక్కడ అని. అరవలేదు. మామూలుగా అడిగాడు.

ఏమీ కాలేదు. పదిహేడేళ్ళవాడొకడు తడి దుప్పటి కప్పి మంట ఆర్పేశాడు. ఒక పరుపు పోయింది, వాడి చెయ్యి కొంచెం కాలింది. గొప్పగా చెప్పుకోవడానికి నేను చేసింది ఏమీ లేదు.

తెల్లారి పెద్దమ్మ టీ ఇస్తూ ఒకటే మాట అంది. "గుంటల్ని కోళ్ళగంప కింద మూసినట్టు మూస్తే ఎలా బాబూ? కాపలాకి మనిసుండాల గానీ తాళం ఏటి సేస్తాది?" కోప్పడలేదు. ఆవిడ ఉతికి ఆరేసిన నా ప్యాంటు పక్కన తాళంచెవి కూడా తాడుకి కట్టి ఆరేసి ఉంది.

నేను కూర్చుని, ఆర్.ఏ.గా నేర్చుకున్నట్టే రిపోర్టు రాశాను. ఎన్నింటికి ఏమయింది, ఎవరెక్కడున్నారు, తాళం ఎవరు వేశారు. అభిప్రాయాలు రాయకూడదు, జరిగింది రాయాలి. నా మీద నేను రాసుకున్న మొదటి రిపోర్టు అది. కమిటీకి ఇచ్చాను. బొంబా వాళ్ళని పిలిచాం, ఇక్కడ ఫైరింజనువాళ్ళని బొంబా అంటారు. వాళ్ళు మేడమీద రెండు కిటికీల గ్రిల్లులు లోపలినుంచి తెరుచుకునేలా మార్చమన్నారు, దోమల చుట్టలు మాన్పించారు. తాళంచెవి గ్రిల్లు పక్కనే గోడకి వచ్చింది. ఎంత ఎత్తులో మేకు కొట్టాలని వాదన జరిగింది. చివరికి అందరికంటే పొట్టిగా ఉన్న ఏడేళ్ళవాణ్ణి నిలబెట్టి, వాడి చెయ్యి అందినచోట కొట్టాం. ఎర్రదారం కట్టాం.

మరి పిల్లలు పారిపోతే? ఆ భయం నాకు పోలేదు. జలాన్ టెంకు కెలానాలో పూజాసామగ్రి కొట్లో ఒక చిన్న ఇత్తడి గంట కొని గ్రిల్లుకి కట్టాను. తెరిస్తే మోగుతుంది. మోగితే లేవడానికి మనిషి ఉండాలి కదా, దానికి నాతోపాటు రిటైరైన ఒక తమిళ మాస్టారు, డిగ్రీ చదివే మా పాత పిల్లాడొకడు రాత్రులు పంచుకున్నాం. ఒక గ్రిల్లు తాళం చేసిన పనికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చింది.

జూన్‌లో ఒక రాత్రి రెండింటికి గంట మోగింది. వాడే. వెళ్ళి చూస్తే బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, గేటు దాటలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి మ్యాగీ చేసుకొచ్చాను. సగం తిన్నాక "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా" అన్నాడు. నాకూ ఒట్టు వెయ్యాలనే ఉంది. చిన్నప్పుడు మా హాస్టల్లో నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే బాగుండేదని కూడా ఉంది. "చెప్పవలసినదైతే చెప్పాల్సొస్తుందిరా. కానీ నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అన్నాను. వాడు మ్యాగీ అంతా తిన్నాడు. గిన్నె కడిగొచ్చాడు. అప్పుడు చెప్పాడు, తను పుట్టినప్పుడు అమ్మ ఉన్న ఊరేదో, ఆ రోజు రైలెక్కి ఎక్కడికి వెళ్ళబోయాడో. అక్కడ ఒకామెకి తన పుట్టుక సంగతి తెలుసని, ఆవిణ్ణి అడిగితే కాగితం ఇస్తుందని వాడి నమ్మకం.

ఆవిడ కాగితం ఇవ్వలేదు గానీ సాక్ష్యం చెప్పింది. దాంతో ఆలస్యపు నమోదు కింద జనన ధ్రువపత్రం వచ్చింది. తెచ్చి చూపిస్తే వాడు ముందు తన పేరు చదువుకున్నాడు, తరవాత పౌరసత్వం గడి చదివాడు. పౌరుడు కాదు అని ఉంది. ధ్రువపత్రం వేరు, పౌరసత్వం వేరు అని నాకు కూడా అప్పుడే తెలిసింది. మలేసియా రాజ్యాంగంలో 15ఏ అధికరణం ఉంది, మేం దరఖాస్తు పెట్టేనాటికి అది 21 ఏళ్ళలోపు వాళ్ళని ప్రత్యేక పరిస్థితుల్లో పౌరులుగా నమోదు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చేది. దాని కింద దరఖాస్తు పెట్టాం. అది ఇంకా నడుస్తోంది. వాడికి పద్దెనిమిది దాటాయి, 21 ఎంతో దూరం లేదు. ఆ కార్డు లేకుండా డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి అన్నీ కష్టమే. ఫైలు వాడి దగ్గరే ఉంటుంది, ప్లాస్టిక్ కవరులో. 2021 డిసెంబరు వరదల్లో క్లాంగ్ జిల్లాలో చాలా ప్రాంతాలు మునిగాయి, మా కింద అంతస్తులోకి కూడా మోకాలు దాటి నీళ్ళు వచ్చాయి. ఆ రాత్రి వాడు ఒక చంకన ఏడేళ్ళవాణ్ణి, ఇంకో చంకన ఆ కవరుని పెట్టుకుని మేడ ఎక్కాడు.

కరోనా రోజుల గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. 2020 మార్చి 18న దేశమంతా మూసేశారు. మార్చి 31 దాకానే అన్నారు. రెండు జతల బట్టలతో వెళ్ళినవాణ్ణి జూన్ 10 దాకా, 84 రోజులు అక్కడే ఉన్నాను. ఆదివారం కేకులు ఆగిపోయాయి. 22 మందికి ఆన్‌లైన్ క్లాసులు, రెండు లాప్‌టాప్‌లు. నా చదువు ఆ ఇంటికి పనికొచ్చిన రోజులు ఏమైనా ఉంటే అవే. పాత లాప్‌టాప్‌లు తెప్పించి బాగుచేసి ఆరు చేశాను.

పెళ్ళయ్యాక నాలుగు రాత్రులు రెండయ్యాయని చెప్పాను కదా. ఆ సంగతి పిల్లలకి చెప్పడానికి నాకు నెలరోజులు పట్టింది. చెబితే ఒకడు గోడమీది పట్టికలో నా పేరు చెరిపి రెండుచోట్ల మళ్ళీ రాశాడు, మంగళవారం, శుక్రవారం. ఇంకేమీ అనలేదు. అప్పటినుంచి ఆ రెండు రోజులూ తప్పనివ్వలేదు. మా ఆవిడ పురుటికి ఆస్పత్రిలో ఉన్న శుక్రవారం ఒక్కటి తప్పింది. ఆ రోజు మాస్టారు పడుకున్నారు.

మీలో చాలామంది ఏదో ఒక ఊళ్ళో ఇలాంటి ఇళ్ళకి డబ్బు పంపుతూ ఉంటారు, పంపండి. ఈసారి పంపేటప్పుడు ఫోను చేసి, రాత్రి ఎవరు పడుకుంటారు, తాళంచెవి ఎక్కడుంటుంది, కాగితాలు లేని పిల్లలెందరున్నారు అని అడగండి. ఆ ఇంటివాళ్ళు కోప్పడరు. మమ్మల్ని ఎవరైనా అడిగితే మేం సంతోషిస్తాం, ఎందుకంటే ఆ ముగ్గురు మనుషుల్లో మాస్టారికి వయసు మీదపడింది, నాకు వచ్చే ఏడాది ఈ ఊళ్ళో పని ఉంటుందో లేదో తెలియదు. కన్సల్టెంటు ఉద్యోగాల సంగతి మీకు తెలిసిందే. ఆ విషయం పిల్లలకి ఇంకా చెప్పలేదు.

ఈ రోజు మంగళవారం. మా ఇంట్లో పదింటికి లైట్లు ఆర్పుతాం, ఇప్పుడు తొమ్మిదిన్నర కావస్తోంది. పెద్దమ్మ నాకు అన్నం మూతపెట్టి ఉంచుతానంది.